రెండో మలుపు బయట

శనివారం సాయంత్రం, ఎండ ఇంకా ఊరు విడిచి పోలేదు. ఎల్వర్‌బీ ట్రాకు లోపల బ్రేకుల్లేని నాలుగు మోటారు సైకిళ్ళు మట్టి చిమ్ముకుంటూ నాలుగు చుట్లు తిరుగుతున్నాయి. రెండో మలుపు వెనక, గోడ బయట, డెబ్బై నాలుగేళ్ళ హెడ్లీ ఒక రాయెక్కి మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర టికెట్లు చింపే ఎనిడ్ అతని కోసం బయటికొచ్చింది. హెడ్లీకి ఆటా కావాలి, చాటూ కావాలి. ఆ సాయంత్రం రెండూ దొరికేలా లేవు.

"రాయితీ ఉందయ్యా హెడ్లీ. నీకు రాయితీ ఉంది."

"రాయి తియ్యాలా? తీస్తానమ్మా ఎనిడ్, తీస్తాను. ముందు దిగనీ. అయినా ఇది నేను తెచ్చిన రాయి కాదు, ఇక్కడే పడుంది."

"నిన్ను రాయి ఎవరు తియ్యమన్నారు?"

"నువ్వే కదా అరిచావు, రాయి తీ, రాయి తీ అని."

"రాయితీ అన్నాను. పెద్దవాళ్ళకి టికెట్టులో తగ్గింపు. ఆ మోటార్ల మోతలో ఒక్క మాట నీకు రెండు ముక్కలై వినపడిందా?"

"నా చెవులు బాగానే ఉన్నాయి తల్లీ. మోతే బాగాలేదు."

"ముప్పై ఏళ్ళుగా గేటు దగ్గర కూర్చుంటున్నాను. ఈ గోడ మీంచి తొంగిచూసే తలకాయలు చాలా చూశాను. అందులో నీ తలకాయ ఉంటుందనుకోలేదు."

"తొంగి చూట్టం లేదు. నడుం సాగదీసుకుంటున్నా."

"రాయెక్కా?"

"డాక్టరు కాస్త ఎత్తు మీద సాగదియ్యమన్నాడు."

"ఏప్రిల్లో ఏం చెప్పావు? మోకాళ్ళు పోయాయి, మెట్ల మీద నిలబడలేను, అందుకే రావట్లేదు అన్నావు. నేను అయ్యో పాపమని మర్దనా నూనె పంపాను."

"మంచి నూనె. దాని చలవే, రాయెక్కగలిగాను."

"హెడ్లీ."

"ఏమ్మా."

"ఇక్కడేం చేస్తున్నావు?"

"లీకులు. ఈ వెనక నా కూరమడి ఉంది కదా. లీకు మొక్కలకి నీళ్ళు పెడదామని."

"నీళ్ళ డబ్బా ఏది?"

"వాన వచ్చేలా ఉంటే తేలేదు."

"మబ్బు తునక లేదు."

"సాయంత్రం వస్తుందేమోనని."

"ఇదే సాయంత్రం. నీ లీకుల గుట్టు లీకయింది గాని, ఆ చేతిలో కాగితం ఏంటి?"

"విత్తనాల జాబితా."

"ఇటియ్యి. ఇయ్యి. పదిహేను రేసులకి పదిహేను గళ్ళు. నాలుగు రేసులకి అంకెలు కూడా పడ్డాయి. గెలిచినవాడికి మూడు, తర్వాత రెండు, ఒకటి, చివరివాడికి సున్నా. ఏం విత్తనాలయ్యా ఇవి?"

"లోపల స్కోరు పుస్తకం కొన్నవాళ్ళే రాసుకోవాలని రూలుందా?"

"మూడో రేసులో మన జట్టు ట్రస్కాట్‌కి సున్నా వేశావు. ఇక్కణ్ణించి నీకేం కనపడింది?"

"హెల్మెట్లు కనపడతాయి. ఈ మలుపు బెత్తెడు కనపడుతుంది. మిగతాది వింటాను. వాడి బండి మూడో చుట్టులో రెండుసార్లు దగ్గింది, తర్వాత నోరు మూసుకుంది. ఆగిపోయాడా లేదా?"

"ఆగిపోయాడు."

"మరి? లోపల నిలబడి మాంసం కూరిన పై తింటూ సగం మంది అదీ గమనించి ఉండరు."

"ఎన్ని వారాల నుంచి ఇలా?"

"ఇవాళే."

"ఆ రాయి చుట్టూ గడ్డి చచ్చిపోయింది హెడ్లీ."

"ఏడు."

"ఏడు వారాలా?"

"ఎనిమిది. ఒకటి వానకి మధ్యలో ఆగిపోయింది, అది సగమే."

"ఎనిమిది వారాలు నువ్వు గోడకి ఇటు, నేను గోడకి అటు. ఒక్కసారి వచ్చి గేటు తట్టలేకపోయావా?"

"తడితే తీస్తావు. అదే భయం."

"ఏంటా భయం?"

"ఏం లేదులే. ఐదో రేసుకి బళ్ళు బయటికి తెస్తున్నారు. నువ్వు నీ గేటు చూసుకో."

"గేటు మూసేసే వచ్చాను. రా, చిన్న తలుపులోంచి తీసుకెళ్తాను. ఎవరడుగుతారు?"

"ఊరికే రాను."

"నలభై ఏళ్ళు కొన్నావు. ఒక్క ఏడాది కొనకపోతే ఏం?"

"నన్ను పంపిస్తావు. వచ్చే వారం ఇంకొకడు వచ్చి నా మోకాళ్ళూ పోయాయంటాడు."

"నీకూ వాడికీ తేడా లేదా?"

"నీకు తెలుసు. టికెట్టుకి తెలీదు కదా."

"అయితే నేనిస్తాను ఆ పద్దెనిమిది పౌండ్లు."

"నీ దగ్గర పుచ్చుకుని నీ చేతిలోనే పెట్టాలా? గేటు నవ్వుతుంది."

"నీతో గెలవలేను. నీ చోటు ఖాళీగానే ఉంది, తెలుసా? రెండో మలుపు, మూడో మెట్టు. నోరిస్ అక్కడ ఎవర్నీ నిలబడనివ్వట్లేదు."

"నోరిసా? ఎలా ఆపుతున్నాడు?"

"తన పై అక్కడ పెడుతున్నాడు. ఎవరైనా అటొస్తే, పై ఉంది జాగ్రత్త అంటున్నాడు. అదిగో, పై పట్టుకునే వస్తున్నాడు."

"ఏంటి, నా పై మాట్లాడుకుంటున్నారా? నా మీదా, నా పైయ్యి మీదా? ఓహో, పెద్దాయనా. రాయెక్కి విగ్రహంలా ఉన్నారే. దండ తెమ్మంటారా?"

"మెల్లగా మాట్లాడు నోరిస్. లోపలికి వినపడుతుంది."

"లోపల వినడానికి ఎవరున్నారండీ? రెండొందల పదిమంది. పోయినేడు ఇదే జట్టు వస్తే నాలుగొందలు. అభిమానుల సంఘం కార్యదర్శిని నేను, నాకే అభిమానుల్ని వెతుక్కోవలసి వస్తోంది. మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చాను."

"నన్నెందుకు?"

"సంతకం కోసం. ఇదుగో కాగితం. ట్రాకు యజమాని వృద్ధులకి కూడా ధర వృద్ధి చేశాడు కదా. పదమూడు కాస్తా పద్దెనిమిది. కంచె పేరు చెప్పి మన కంచం లాక్కున్నాడు."

"ఏ కంచె?"

"తెలీనట్టు అడుగుతారేం? మలుపుల్లో పెట్టిన గాలి కంచె. గాలి నింపిన దిండ్లు. మా ఆవిడ కూడా దిండులోకి అంత గాలి ఊదదు, నా నెత్తిన అంత బిల్లూ వెయ్యదు."

"సంతకం పెడితే ఏమవుతుంది?"

"యజమాని మాటిచ్చాడు. మన సంఘం కమిటీలో ఐదుగురుం కదా, ముగ్గురు సంతకం పెడితే వచ్చే శనివారం నుంచి పాత ధర. దిండ్లు నెల నెలా అద్దె కట్టే సరుకే, వెనక్కి పంపేస్తాడు. ఎనిడ్ పెట్టింది. నేను పెట్టాను. మీరు పెడితే మూడు. వచ్చే శనివారం మీ మెట్టు మీద మీరుంటారు, నా పై నా పొట్టలో ఉంటుంది."

"పెట్టు హెడ్లీ. రాయి దిగి లోపలికి రావచ్చు, ఎవరికీ రుణపడక్కర్లేదు. నీకు కావలసింది అదే కదా."

"కళ్ళజోడు తేలేదు ఎనిడ్."

"ముక్కు మీద ఉంది."

"ఇది దూరానికి."

"అయితే కాగితం దూరంగా పట్టుకుంటాను. పెట్టు."

"చదవకుండా ఎలా పెడతాను?"

"నేను చదువుతాను పెద్దాయనా. ఒక్క వాక్యమే. టికెట్టు ధర పాత ధరకి దించవలెను. అంతే. ఫిబ్రవరిలో చీటీలు వేసినప్పుడే ఇది తేలిపోయేది. ధర పెంచాలని మూడు చీటీలు, వద్దని రెండు. కమిటీలో మిగిలిన ఇద్దరూ, డగ్గన్ మొగుడూ పెళ్ళాం, పెంచాలనే రాశామని బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ మూడో చీటీ ఎవరిదో నాకు తెలుసు గాని, నేను మర్యాదస్తుణ్ణి కనక ఎనిడ్ వైపు చూడను."

"నా వైపా? గేటు దగ్గర కూర్చుని వచ్చిన ప్రతివాడి తిట్లూ తినేది నేను. నేనెందుకు రాస్తాను? చూడు హెడ్లీ, యజమాని పక్కన కూర్చుని ఉచితంగా పైలు తినేది ఈయన. మూడో చీటీ ఈయనదే."

"ఈ పై కొన్నది. రసీదుంది."

"నాలుగు నెలల నుంచి ఇదే అబద్ధం."

"నాలుగు నెలల నుంచి నాతో మాట్లాడటం మానేసింది, పెద్దాయనా. నన్ను చూస్తే గేటు వేసినట్టు మూతి మూస్తుంది. నాకు తెలీకడుగుతాను, ధర పెంచి నేను బాగుపడ్డదేంటి? మా అన్న రావట్లేదు. మా అన్న పిల్లలు రావట్లేదు. మీరు రావట్లేదు. నేనొక్కణ్ణి నిలబడి కేకలేస్తుంటే పిచ్చివాణ్ణని అవతలి జట్టువాళ్ళు నవ్వుతున్నారు."

"ఇద్దరూ ఊరుకోండి. గీత దగ్గర టేపు లేచింది, రేసు మొదలైంది."

"సంతకం సంగతి చెప్పండి ముందు."

"ఉండవయ్యా. ట్రస్కాట్ బాగా లేచాడు. ఎర్ర హెల్మెట్ ముందుంది. రెండో చుట్టు. బయటి అంచుకి పోతున్నాడు."

"పోనీండి, గెలుస్తాడు. ఇదుగో పెన్ను."

"మరీ బయటికి పోతున్నాడు. వెనక పసుపు హెల్మెట్ లోపలికి దూరాడు. వద్దు, వద్దురా, సందు లేదక్కడ."

"ఏంటా చప్పుడు? హెడ్లీ?"

"ఆపేశారు. బళ్ళన్నీ ఆపేశారు."

"ఒకటి ఇంకా మోగుతోందే."

"అది పడిపోయిన బండి. పడుకుని మోగుతోంది."

"ఎవరిది?"

"ఎర్ర హెల్మెట్."

"లేచాడా? పెద్దాయనా, లేచాడా లేదా?"

"కనపట్లేదు."

"ఇంకొంచెం పైకి లే. సరిగ్గా మనకెదురుగానే కదా పడ్డాడు."

"దిండు కనపడుతోంది. దిండు లోపలికి పోయింది. వాడు కనపట్లేదు ఎనిడ్. ఇద్దరు పరిగెత్తుతున్నారు. తెల్లకోటువాళ్ళు."

"నువ్వు దిగు, నేనెక్కుతాను."

"ఆగు. చెయ్యి. చెయ్యెత్తాడు. కూర్చున్నాడు. లేచాడు. తెల్లకోటాయన్ని పక్కకి తోసేసి తన బండి చూసుకుంటున్నాడు వెధవ."

"అమ్మయ్య. లోపల చప్పట్లు కొడుతున్నారు. రెండొందల పదిమందీ నాలుగొందల మందిలా కొడుతున్నారండీ."

"హెడ్లీ, కిందికి దిగు. ఆ గోడ వదలవేం?"

"మోకాళ్ళు."

"మోకాళ్ళు కాదు. దిగు. నా భుజం పట్టుకో. కూర్చో ఇలా, ఈ రాయి మీదే కూర్చో."

"పోయిన సెప్టెంబరులో మన జట్టు ఓవెన్ ఇక్కడే కంచెకి గుద్దుకున్నాడు."

"తెలుసు. నేను గేటు దగ్గరున్నాను."

"నేను మూడో మెట్టు మీదున్నాను. వాడికీ నాకూ ఆరడుగులు. అప్పుడు దిండ్లు లేవు, చెక్కలే. తలుపు గట్టిగా వేసినట్టు ఒక్క చప్పుడు. మా వంటింట్లో కుళాయి బిగించింది వాడే. ఆ వారమే బిగించాడు. చెక్కల పక్కన పడుకుని నావైపే చూసి, హెడ్లీ, నా కాళ్ళు ఉన్నాయా చూడు, తెలియట్లేదు అన్నాడు. ఉన్నాయిరా అన్నాను."

"అబద్ధం చెప్పలేదు కదా."

"అబద్ధం కాదు. ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. చక్రాల కుర్చీలో మడుచుకుని ఉన్నాయి."

"పెద్దాయనా, అది చాలా ఘోరం. ఎవరు కాదన్నారు? కానీ అది దురదృష్టం. ప్రతివారం అలా జరగదు కదా."

"ఇవాళ జరిగింది."

"ఇవాళ లేచాడుగా."

"దేంట్లోంచి లేచాడు నోరిస్?"

"అంటే, దిండు... సరే. దిండే. దిండు మంచిదే, నేను కాదనను. పాత ధరకే దిండు కూడా ఉంటే ఎంత బాగుంటుందో అంటున్నాను."

"ఉండదు. ఫిబ్రవరిలో యజమాని లెక్క చూపించాడు. ధర పెంచితే నాలుగు మలుపులకీ దిండ్లు, పెంచకపోతే చెక్కలు. నువ్వూ విన్నావు."

"విన్నాను. వినే వద్దని రాశాను. నా అన్న పిల్లలు ముగ్గురు, వాళ్ళని ఎలా తీసుకురానని నా బాధ. తప్పా?"

"తప్పని నేనన్నానా?"

"నేనూ వద్దనే రాశాను హెడ్లీ. గేటు దగ్గర పర్సు తెరిచి మళ్ళీ మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళ ముఖాలు నేనే చూడాలి కదా. నోరిస్, ఆ కాగితం ఇలా ఇయ్యి."

"చింపేస్తావా?"

"నా సంతకం కొట్టేసుకుంటాను. ఇవాళ ఆ చప్పుడు విన్నాక నేను పెట్టలేను."

"అయితే నేనొక్కణ్ణి మిగిలాను. బాగుంది. మడిచి జేబులో పెట్టుకుంటాను, పై తిన్న చెయ్యి తుడుచుకోడానికైనా పనికొస్తుంది. కానీ ఎనిడ్, ఒక్క మాట ఒప్పుకో. ఇప్పుడైనా ఒప్పుకో. నువ్వే కదా పెంచమని రాశావు. నిజం చెప్తే నేనేమీ అనను, ఇప్పుడు నాకూ అర్థమైంది."

"నేను కాదు. మా అమ్మ మీద ఒట్టు. నువ్వే ఒప్పుకో. నేనూ ఏమీ అనను."

"నేను రాస్తే నా నోట్లో ఈ పై పడకుండా పోనీ."

"మరి చీటీ దానంతటదే రాసుకుందా?"

"డగ్గన్ రెండు వేశాడేమో."

"ఐదుగురం, ఐదు చీటీలు. నేనే లెక్కపెట్టాను."

"ఇద్దరూ నిజమే చెప్తున్నారమ్మా. యజమాని లెక్క చూపించిన రాత్రి ఆయన్ని ఒక్కరోజు గడువడిగి ఇంటికెళ్ళాను. పింఛను ముందేసుకుని కూర్చున్నాను. పద్దెనిమిది చేస్తే ఇక నేను లోపలికి రాలేనని తేలింది. తేలాకే వచ్చి, పెంచండి అని రాశాను."