మెటియాబ్రుజ్ గుడ్డతో లాగిన ఓడ

"ముందు టీ తాగండి బావా. ఇసక ఎక్కడికీ పోదు. గంగ ఒడ్డున కూర్చున్నోళ్లకి ఇసక్కేటి కరువు?" అన్నాడు బైరాగి.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో బైరాగి ఇంటి గేటు ముందు లారీడు ఇసక పోసి ఉంది. పోయించింది ఆయన భార్య సుగుణ. ఇంటి కింది గదిలో ఒక పాత అంబాసిడర్ కారు, దాని కింద బైరాగి తవ్వుకున్న గొయ్యి ఉన్నాయి. కారు కింద నిలబడి మరమ్మతు చేసుకోవడానికి తవ్వింది. దాన్ని ఈ రోజే పూడ్చేయాలని సుగుణ పట్టు పట్టింది. ఎందుకని అడిగితే చెప్పదు. మా అన్నియ్య ఏటంటే అదే అని ఖరగ్‌పూర్ నుంచి రామలింగేశ్వరరావుని పిలిపించింది. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, చెప్పేడంటే తిరుగులేదు.

ఓడల కార్ఖానాలో ఫిట్టరు పని అయిపోయాక బైరాగికి తనదంటూ మిగిలింది ఆ గరాజు గదే. గొయ్యి పోతే అది వట్టి సామాన్ల కొట్టయిపోతుంది. అందుకని కూలీలు వచ్చేలోగా బావని తన వైపు తిప్పుకోవాలి. వరండాలో ఇంకో శ్రోత కూడా ఉన్నాడు. వాట్‌గంజ్ నుంచి ఆదివారం ఆదివారం టీకి వచ్చే ఉమామహేశ్, ఓడరేవు డాక్ ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. వాళ్ల నెత్తిమీద దండేనికి పొడుగాటి పచ్చ గుడ్డ ఒకటి ఆరేసి ఉంది.

బైరాగి గొంతు సవరించుకున్నాడు. నవ్వకుండా, పురాణం చెప్పేవాడిలా చెప్పడం ఆయన పద్ధతి.

"నేను గొప్పలకి పోయే మనిషిని కాదు బావా, ఉన్నదున్నట్టు చెప్తాను. ఇంట్లో గరాజు పెట్టడమంటే ఏటనుకుంటారు జనం? ఒక జాకీ, నాలుగు పానాలు, గోడకి మేకులు, అయిపోనాది అనుకుంటారు. అలగ కాదు. నేను ముందు పీట వేసుకుని ఆ గదిలో ఊరికే కూర్చున్నాను. వెలుగు ఎటు పడతాది, కారు మూతి ఎటుండాలి, ఏ దూలం గొలుసు కప్పీ బరువు మోస్తాది, పట్టుకారు బల్ల ఏ మూలైతే మోచెయ్యి గోడకి తగలదు, అన్నీ చూసుకున్నాకే చెయ్యి వేసేను. ఆ తర్వాత గొయ్యి. కూలీలు వచ్చేరు, చూసేరు, ఈ అడుగున రాయుంది మా వల్ల కాదని పోయేరు."

"కలకత్తా నేలలో రాయేటి దాదా? గునపం వేస్తే బురదే కదా!" అన్నాడు ఉమామహేశ్.

"మా ఇంటి కిందుంది. నీ ఇంటి కింద నేకపోతే నేనేటి చెయ్యను? సుగుణ పొయ్యి మీద పప్పు పెట్టింది, నేను గునపం పట్టేను. పప్పు ఉడికేసరికి గొయ్యి తయారు. నా నెత్తి దాకా లోతు, చుట్టూరా ఇటిక కట్టుతో సహా."

"ఆ పప్పు చలికాలంలో పెట్టి వానల్లో దించేను," అంది సుగుణ వంటింట్లోంచి.

బైరాగి ఆ మాట విననట్టే సాగిపోయాడు. "ఆ తర్వాత ఏటైందో తెలుసునా? గోతిలో నీరూరింది. ఇంకోడైతే తల పట్టుకుని కూర్చుంటాడు. నేను ఒక చుక్క నాలిక మీద వేసి చూసేను. గంగ! మన రేవెంత దూరం, కేక వేస్తే వినపడతాది. పోటుకి గోతిలో నీరు ఎక్కుతుంది, ఆటుకి దిగుతుంది. అప్పుడు తట్టింది. ఒరే బైరాగీ, జాకీ ఎందుకురా, గంగమ్మ తల్లే నీ జాకీ! ఖాళీ పీపాలకి మూతులు బిగించి, మీద పలకలు కొట్టి, గోతిలో దింపి, పలకల మీదికి కారు తోసేను. పోటొచ్చింది. నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తింది బావా, స్టీరింగు కూడా కదలనేదు."

రామలింగేశ్వరరావు మొదటిసారి నోరు విప్పాడు. "గొయ్యి నిండా నీళ్లుంటే కారు కింద నువ్వెలగ పనిచేసేవు బావా?"

"ఊపిరి బిగబట్టి."

"ఎంతసేపు?"

"క్లచ్ ప్లేటు మార్చినంతసేపు."

ఉమామహేశ్‌కి టీ పొలమారింది. లోపల గిన్నెల చప్పుడు మాత్రం ఆగిపోయింది.

"నవ్వకు ఉమామహేశ్, నీటితో పనిచేసినోడికే తెలుస్తాది. ఓసారి చేతిలోంచి నట్టొకటి జారి గోతిలో పడిపోనాది. పోతే పోనీ అనుకున్నాను. మర్నాడు సుగుణ బజారునుంచి ఇలీశ్ చేప తెచ్చింది, అదే, మన పులస. కోస్తే కడుపులో నా నట్టు! తుప్పు కూడా వదిలించి తెచ్చిందా చేప. అదలా ఉంచు. ఈ జాకీ సంగతి ఊరంతా పాకిపోనాది. పోటు వేళకి మెటియాబ్రుజ్ ఆటోలు, టాక్సీలు, ఇక్కణ్ణుంచి ఖిదిర్‌పూర్ దాకా బారులు తీరిపోయేవి. పోలీసోళ్లు వచ్చి బాబ్బాబు పోటు కాస్త ఆలస్యంగా రానీ దాదా, రోడ్డు నిండిపోతుంది అని బతిమాలేరు. ఆఖరికి రెండంతస్తుల బస్సొకటి తెచ్చేరు. దాన్నీ లేపేను."

"రెండంతస్తుల బస్సు ఆ గదిలో ఎలగ పట్టింది దాదా?"

"ఓరగా పెట్టేను."

ఈసారి రామలింగేశ్వరరావు మీసం కూడా కదిలింది. బైరాగి అది చూశాడు. బావ మెత్తబడుతున్నాడనుకున్నాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇవన్నీ చిన్న సంగతులు బావా. అసలుది చెప్పనేదు. మొన్న బుధవారం ఇక్కడ ఓడొకటి ఇరుక్కుపోనాది."

"ఎక్కడ?"

"ఇక్కడే. రేవులో దారి తప్పి బురదలోకి దిగిపోనాది. పెద్ద ఓడ. చాలా ఏళ్లు పనిచేసిన ఓడ. ఇనుము గట్టిదే గాని కీళ్లు పట్టేసినాయి. దిగడానికి దిగింది, ఎక్కుదామంటే కాలు లేవదే... అంటే, లంగరు లేవదు. చూస్తే నీళ్లు. అలవాటైన నీళ్లే, రోజూ చూసేవే, ఇంతట్లో ఇంతొస్తాయని దానికి తెలుసు. ఆ రోజు అమావాస్య పోటు. ఆ సంగతి మర్చిపోనాది."

"కూత పెట్టనేదా?" అన్నాడు ఉమామహేశ్.

"పెట్టింది. ఎవలికి వినపడతాది? పక్కన మెటియాబ్రుజ్ దర్జీల కార్ఖానా. అన్ని కుట్టుమిషన్లూ ఒక్కసారే నడుస్తుంటే కూతేటి, ఫిరంగి పేల్చినా వినపడదు. కూసి కూసి గొంతు పోయింది దానికి."

"అప్పుడు నువ్వెక్కడున్నావు దాదా?"

"నేనా? దగ్గరే ఉన్నాను," అన్నాడు బైరాగి. మళ్లీ గొంతు పెంచాడు. "ఉండి ఊరుకుంటానా? వేసేను కేక! దర్జీలందరూ మెడల్లో టేపులతో అలగే పరిగెత్తుకొచ్చేరు. తాడు కావాలి, తాడు నేదు. ఒకడు పచ్చ గుడ్డ తాను పట్టుకొచ్చేడు. దాన్ని విప్పి, మెలిపెట్టి, ఓడ చంకల కిందనుంచి వేసి..."

"ఓడకి చంకలేటి దాదా?"

"పెద్ద ఓడలకుంటాయి! నువ్వు డాక్ ఆఫీసులో కాయితాలు చూసినోడివి, ఓడని దగ్గర్నుంచి చూసేవేటి? పట్టేరు, లాగేరు. మెటియాబ్రుజ్ మొత్తం ఒక పక్క, ఓడ ఒక పక్క. ముందు తల పైకొచ్చింది, తర్వాత భుజాలు..."

ఉమామహేశ్ తలెత్తి దండెం మీది గుడ్డ కేసి చూశాడు.

"ఒడ్డెక్కేక వణికింది బావా. ఓడలు అలగ వణకడం నేనెప్పుడూ చూడనేదు. ఎవలో వేడి పాలు తెచ్చి పట్టించేరు."

"ఓడకా?" అన్నాడు రామలింగేశ్వరరావు మెల్లిగా.

"కెప్టెనుకి," అన్నాడు బైరాగి తడబడకుండా. "అంచేత చెప్తున్నాను, అలాంటి గొయ్యి పూడ్చీకూడదు. రేపింకో ఓడ ఇరుక్కుంటే ఈ రేవుకి దిక్కెవలు?"

సుగుణ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. వరండాలోకి వచ్చి, దండెం మీది పచ్చ గుడ్డ లాగి అన్నగారి ఒళ్లో పెట్టింది. మధ్యలో బారెడు మేర నల్లగా బురద మరక. ఎన్నిసార్లు ఉతికినా వదల్లేదు.

"ఎవలికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు, నీకైతే అసలు చెప్పకూడదట," అంది. "ఆ ఒట్టు తీసి గట్టుమీద పెడుతున్నాను. ఓడా నేదు గీడా నేదన్నియ్య. ఆ గుడ్డతో లాగింది ఈయన్ని."

ఆమె బైరాగి కేసి చూడకుండా చెప్పుకుపోయింది.

"కారు కింద పని చేస్తానని దిగేరు. మోకాళ్లు పట్టేసినాయి, ఎక్కలేకపోయేరు. ఈలోగా గోతిలోకి పోటు నీరు ఎక్కిపోనాది. నేను బజారునుంచి వచ్చేసరికి గదిలోంచి మనిషి గొంతు కాదు, ఏదో గురక వస్తుంది. దర్జీల్ని కేకేసింది నేను. పాలు కాచి పట్టించింది నేను. ఇంకోసారి నేను బజారునుంచి రావడం ఆలస్యమైతే? అందుకే ఇసక తెప్పించేను."

ఉమామహేశ్ గ్లాసు కింద పెట్టి, తను నవ్విన నవ్వులు గుర్తొచ్చి తల దించుకున్నాడు. రామలింగేశ్వరరావు ఒళ్లో గుడ్డ మీద చెయ్యి వేసి, మరక వెంబడే రాసి, బైరాగి మొహంలోకి చూశాడు.

"బావా, నీళ్లు ఎక్కడిదాకా వచ్చేయి?"

బైరాగి గేటు బయట ఇసక కుప్ప కేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కడిదాకా ఏటి," అన్నాడు చివరికి. "మోకాళ్ల దాకా."

ఆ మాట రామలింగేశ్వరరావు నమ్మలేదు. పప్పు ఉడికేలోగా గొయ్యి తవ్విన మనిషి, బస్సుని ఓరగా పెట్టి లేపిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఒకదాన్ని తగ్గించి చెప్పడం ఇదే మొదలు.

సుగుణ మొగుడి దగ్గరికి వెళ్లి, అరచెయ్యి అడ్డంగా తిప్పి, ఆయన కింది పెదవికి ఆనించింది.

"ఇక్కడిదాకా," అంది.

చెయ్యి తగలగానే బైరాగి గడ్డం దానంతటది పైకి లేచింది. కళ్లు వరండా కప్పు కేసి తిరిగాయి. ముక్కుతో గట్టిగా గాలి పీల్చుకున్నాడు. ఆ బుధవారం గోతిలో ఎలా నిలబడ్డాడో వరండాలో ఉన్నవాళ్లందరికీ కనిపించింది. తను ఏం చేస్తున్నాడో ఆయనకీ అప్పుడే తెలిసింది. మెల్లిగా గడ్డం దించి, పెదవి మీది ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"పోటు వేళవుతుంది బావా," అన్నాడు. "ముందు కారు బైటికి తోయండి. తర్వాత ఇసక పోసీండి."

లేవబోతే మోకాలు సహకరించలేదు. సుగుణ లేపింది.