ఇంగువ డబ్బా ఎవరిదో నేను చెప్పను

తేదీ 8 నవంబరు 2025, రెండో శనివారం. సాయంత్రం 6.15 గంటలు. స్టేషన్‌లో రైటర్ గది. ఎదుట ఉన్నవారు: ఎస్సై నీరజ గారు, ఇది రాస్తున్న హెడ్ కానిస్టేబుల్ కిషోర్‌బాబు గారు, మధ్యవర్తిగా పిలిపించిన వీఆర్వో సీతారామాంజనేయులు గారు.

నా పేరు పులిపాక ప్రేమకుమారి. భర్త స్తెఫను, ఇప్పుడు లేరు. వయసు 46 సంవత్సరాలు. ఉండేది జగ్గయ్యపేట మండలం ముక్త్యాల. ఏడో తరగతి దాకా చదివాను. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతాను.

వృత్తి ఏమిటని అడిగినప్పుడు మొదట అంతవరకే చెప్పాను. నాకు రెండో పని కూడా ఉంది. హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవాళ్ళ కోసం విజయవాడలో ఒక సంఘం ఉంది. దాని తరఫున జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళు నేను చూస్తాను. వాళ్ళు మాత్రలు ఆపకుండా చూడటం, పరీక్షలకు తోడు వెళ్ళడం, పింఛను కాగితాలు రాయించడం, ఎవరినైనా ఇంట్లోంచి గెంటేస్తే వెళ్ళి మాట్లాడటం నా పని. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. బడికి సెలవు కాబట్టి రెండో శనివారం విజయవాడ వెళ్ళి వస్తాను.

ఈ రోజు ఉదయం 6.30కు బయలుదేరి పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ తొమ్మిది మంది మాత్రలు తీసుకున్నాను. నందిగామలోనే ఇస్తారు కదా, అంతదూరం ఎందుకని ఎస్సై గారు అడిగారు. నందిగామ ఆసుపత్రి వరుసలో నిలబడితే ఎదురింటివాళ్ళో, వియ్యాలవారో, అప్పు పెట్టే కొట్టాయనో ఎవరో ఒకరు కనబడతారు. జ్వరానికి వచ్చానని ఎన్ని నెలలు చెబుతారు?

మాత్రల సీసా మీద చీటీ ఉంటుంది. ఆ చీటీ మా పాలిట పాము. ఒకామె సీసా మీద పేరును ఆమె ఆడపడుచు కూతురు చదివి ఫోనులో వెతికింది. పిల్ల మంచిదే, తెలివైనది. వారం తిరక్కుండా ఆమె గిన్నెలు, గుడ్డలు వీధిలో పడ్డాయి. ఆమె పేరు కూడా చెప్పను. చనిపోయినా చెప్పను.

అప్పటి నుంచి నేను మాత్రలను సీసాల్లో తీసుకుపోను. సంఘం ఆఫీసులో కూర్చుని డబ్బాల్లోకి మారుస్తాను. ఏ ఇంటికి ఏ డబ్బా పనికొస్తుందో ఆ ఇంటి మనిషే నాకు చెబుతారు. ఇంట్లో మిగతావాళ్ళు ముట్టని డబ్బా ఏదో వాళ్ళకే తెలుస్తుంది కదా. ఒకరికి ఇంగువ డబ్బా, ఒకరికి గ్రీజు డబ్బా, ఒకరికి కళ్ళజోడు పెట్టె, ఒకరికి మెంతుల డబ్బా. తేమ తగలకుండా సీసాలో వచ్చే చిన్న పొట్లం అందులోనే వేస్తాను. బస్సు కుదుపుకు గలగలమనకుండా పైన దూది కుక్కుతాను. వాళ్ళ ఆసుపత్రి పుస్తకాలు సంఘం బీరువాలోనే ఉంటాయి. నా నోటు పుస్తకంలో కూడా పేర్లు ఉండవు. బీరకాయ, దోసకాయ, కాకరకాయ అని రాసుకుంటాను, పక్కన మాత్ర వేసుకునే టైము.

మధ్యాహ్నం 1.40కి జగ్గయ్యపేట బస్సు ఎక్కాను. 2.50కి కీసర దగ్గర గంజాయి కోసమని పోలీసులు బస్సు ఆపారు. అందరి సంచులూ చూస్తున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. కానిస్టేబుల్ లాక్కుని ఇంగువ డబ్బా తెరిచారు. దూది తీసారు. తెల్లటి మాత్రలు. తర్వాత గ్రీజు డబ్బా తెరిచారు. అవే మాత్రలు.

“ఇయ్యేంటి?” అన్నారు.

“మందులండి.”

“ఏం మందులు? చీటీ ఏది?”

నేను జవాబు చెప్పలేదు. బస్సులో నలభై మంది ఉన్నారు. వాళ్ళలో నా చేతి వంట తిన్న పిల్లల తల్లులు ఉండవచ్చు. వెనక సీటులో ఒకతను “మత్తు మాత్రలు, కాలేజీ పిల్లలకి అమ్ముతున్నారు” అన్నాడు. ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీసారు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అలా పెట్టుకోవడం వల్ల ఇంకా దొంగలా కనబడ్డానని ఇప్పుడు అర్థమవుతోంది.

సంఘం వారి ఉత్తరం ఎందుకు చూపించలేదని ఎస్సై గారు అడిగారు. అది నా తప్పు. మా సంఘం పెద్ద డేవిడ్‌రాజు గారు నాకు ఉత్తరం ఇచ్చారు, సీలు కూడా వేసారు. కానీ ఆ కాగితం నెత్తిన సంఘం పేరు ఉంది, ఆ పేరులోనే ఆ జబ్బు మాట ఉంది. సంచిలో పెట్టుకుంటే ఎవరైనా చదువుతారని దాన్నీ బీరువాలోనే పెట్టాను. నేను మాత్రలను ఎంత బాగా దాచానంటే, అవి మందులని రుజువు చేసుకోవడానికి నా దగ్గర చిన్న ముక్క కూడా మిగల్లేదు.

3.30కి స్టేషన్‌కు తెచ్చారు. తొమ్మిది డబ్బాలూ ఈ బల్ల మీద పెట్టారు. కిషోర్‌బాబు గారు నా నోటు పుస్తకం చదివారు.

“బీరకాయ ఎనిమిది, కాకరకాయ తొమ్మిది. ఏంటమ్మా ఈ కోడ్? ఎవరీ బీరకాయ?”

“నాకు తెలిసిన మనిషండి.”

“ఇంగువ డబ్బా ఎవరిది?”

“ఇంగువ తినేవాళ్ళదండి.”

అలా అనకుండా ఉండాల్సింది. నాకు భయం వేస్తే నోరు పెగలదు, లేదంటే ఇలా పెడసరంగా వస్తుంది. ఆయన లేచి నిలబడ్డారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

4.20కి బల్ల మీదున్న నా ఫోను మోగింది. బీరకాయ అని తెర మీద వచ్చింది. బస్సు దిగగానే ఫోను చేస్తానని నేనే చెప్పాను. ఆలస్యమయిందని కంగారుపడి చేసి ఉంటారు. కిషోర్‌బాబు గారు “స్పీకర్‌లో పెట్టు” అని చెయ్యి చాపారు. అవతలివారు అలో అంటే చాలు, గొంతు తెలిసిపోతుంది. నేను ఫోను తీసి మూలనున్న నీళ్ళ బకెట్టులో వేసాను. చెయ్యి జారలేదు. కావాలనే వేసాను. అది తప్పేనని ఎస్సై గారు అన్నారు, నేనూ ఒప్పుకుంటున్నాను. మళ్ళీ మోగితే మళ్ళీ వేస్తాను. అది కూడా రాయమన్నాను.

నేను నంబరు చెప్తే, 5.10కి డేవిడ్‌రాజు గారు స్టేషన్ ఫోనులో దొరికారు. ఎస్సై గారు ఆయనతో పదిహేను నిమిషాలు మాట్లాడారు. ఆయన ఉత్తరాన్ని ఫోటో తీసి పంపారు. ఆ తర్వాత ఎస్సై గారు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. అప్పటిదాకా నేను బెంచీ చివర ఉన్నాను.

“నాకు నమ్మకం కుదిరిందమ్మా. కానీ బస్సు వీడియో అప్పుడే పైవాళ్ళకి పోయింది. తొమ్మిది డబ్బాలు, ఒక్క పేరూ లేదంటే నేను ఫైల్లో ఏం రాయను? పేర్లు చెప్పి డబ్బాలు తీసుకుపో” అన్నారు.

“కోర్టు చెప్పకుండా ఎవరి సంగతీ బలవంతంగా చెప్పించకూడదని చట్టం ఉందండి” అన్నాను.

“ఉంది. అయితే కోర్టు తెరిచే దాకా ఇవి ఇక్కడే ఉంటాయి.”

రేపు ఆదివారం. ఈ తొమ్మిది మందిలో ఇద్దరి మాత్రలు నిన్నటితో అయిపోయాయి. ఒకరు ఎనిమిదింటికి, ఒకరు తొమ్మిదింటికి గ్లాసులో నీళ్ళు పోసుకుని నా కోసం చూస్తారు. ఒక పూట తప్పితే ఏమవుతుందని మీరనవచ్చు. మావాళ్ళకు అదే చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఒక పూట తప్పడం అలవాటైన మనిషికి రెండో పూట తప్పడం తేలిక. మా ఆయన అలాగే పోయారు. సిమెంటు లారీ తోలేవారు, కామెర్లని ఊళ్ళో చెప్పాను.

“ఈ మాత్రలకి ఒక్క మనిషన్నా ఉండాలి కదమ్మా, నేను చూపించడానికి” అన్నారు ఎస్సై గారు.

గడియారం 6.05 చూపిస్తోంది. వీఆర్వో గారు వచ్చి కూర్చున్నారు. ఆయన కూతురిని మా ఊరే ఇచ్చారు. మనవరాలు మా బడిలో మూడో తరగతి. కూర్చోగానే ఆయన నన్ను గుర్తుపట్టారు. “బడిలో వండే అమ్మాయివి కదూ” అన్నారు. ఆయన లేకపోతే ఇంకొంచెం తొందరగా చెప్పేదాన్నేమో.

ఒక మనిషి ఉంది. మెంతుల డబ్బా నాది. నేను హెచ్.ఐ.వి.తో పద్నాలుగేళ్ళుగా బతుకుతున్నాను. మా ఆయన పోయిన సంవత్సరం తెలిసింది. మా అమ్మకు తెలియదు, చర్చిలో తెలియదు, బడిలో తెలియదు. ఆసుపత్రి పుస్తకంలో తప్ప ఈ మాట నా పేరు పక్కన ఎక్కడా సిరాతో పడలేదు. కిషోర్‌బాబు గారు పెన్ను ఆపి “రాయమంటారా మేడమ్?” అని ఎస్సై గారిని అడిగారు. నన్ను అడగాల్సింది. రాయండి అని నేనే చెప్పాను.

ఈ జబ్బు ఉందని ఎవరినీ పనిలోంచి తీయకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. పదకొండేళ్ళలో ఆ ముక్క ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒకామెకు ఉద్యోగం తిరిగి ఇప్పించాను కూడా. నా దాకా వస్తే మాత్రం మెంతుల డబ్బా చాటున కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది. జబ్బుకు కాదు, దీనికి.

పరీక్షకు పంపాలని ఒక్కో డబ్బాలోంచి ఒక్కో మాత్ర తీసి కవర్లో పెట్టి సీలు వేసారు. మిగతా ఎనిమిది డబ్బాల్లో తగ్గిన మాత్రను నా డబ్బాలోంచి తీసి వేసాను. నావి అయిపోయేలోగా మళ్ళీ విజయవాడ వెళ్తాను. డబ్బాలు నాకు తిరిగి ఇచ్చారు. జీపులో దింపుతామని ఎస్సై గారు అన్నారు. వద్దండి, పోలీసు జీపు ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంటి సంగతి తెల్లారేసరికి ఊరంతా చెప్పుకుంటుంది, బస్సుకే పోతాను అన్నాను. ఆవిడ నవ్వారు.

7.00 గంటలకు ఇది రాయడం ఆపమని అడిగాను. అది నా మాత్ర టైము. మెంతుల డబ్బా తెరిచి, దూది తీసి, ముగ్గురి ఎదుటా మాత్ర వేసుకుని నీళ్ళు తాగాను. పద్నాలుగేళ్ళలో ఇంకో మనిషి చూస్తుండగా వేసుకోవడం ఇదే మొదలు. ఎప్పుడూ తలుపు వెనకే.

వీఆర్వో గారు అడిగారు. “మా పాప రోజూ నీ చేతి అన్నమే తింటుంది కదా?”

“తింటుందండి. దానివల్ల ఎవరికీ రాదండి. కావాలంటే ఏ డాక్టరునైనా అడగండి.”

“సాంబారు బాగుంటుందంటుంది” అన్నారు. తర్వాత కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు కాబట్టి చెప్పలేను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. చెప్పనివి ఎనిమిది పేర్లు. అవి నావి కావు కాబట్టి చెప్పలేదు. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. సంతకానికి కిషోర్‌బాబు గారు పెన్నును బల్ల మీద పెట్టి నా వైపు జరిపారు. ఎస్సై గారు తన పెన్ను తీసి నా చేతికిచ్చారు. దానితోనే సంతకం చేస్తున్నాను.

ఈ విషయమై నన్ను మళ్ళీ పిలవాలంటే ఇంటికి రానక్కరలేదు. సోమవారం ఉదయం 8.30కు బడి వంటగదిలో పొయ్యి వెలిగిస్తాను. అక్కడికే కబురు పంపండి.

(సంతకం)
పులిపాక ప్రేమకుమారి
వంట మనిషి, ప్రాథమిక పాఠశాల, ముక్త్యాల