బుల్లిబాబుగారి కీళ్లనొప్పులు

ఏంది రోహిత్, మోకాలు పట్టుకొని నడుస్తున్నవ్? కూసో, కూసో. కీళ్లనొప్పులంటే మా బుల్లిబాబుగారివే నాయనా, ఇంకెవ్వరివి కావు. నువ్వు ఈ మదీనాగూడ అపార్ట్‌మెంట్ల దిగకముందే గుండెపోటుతోని పోయిండులే పాపం. భీమవరం మనిషి. సర్కారు నౌకరీ చేసి రిటైరై మాకు సెక్రటరీ అయిండు. అయ్యీ కాకముందే లిఫ్టు పక్కన బోర్డు పెట్టిచ్చిండు: పిల్లులకు తిండి పెట్టరాదు. ఎవరన్న గిన్నె పట్టుకొని మెట్లు దిగితే చాలు, "ఏవండీ, ఆ గిన్నెలో ఏవిటండీ?" అని అడ్డం నిలబడేటోడు. ఇగ ఒకసారి ఆయనకే జ్వరం పట్టింది. ఎంతకీ దిగదు. చంకల నిమ్మకాయంత గడ్డ. ఆ తర్వాత మోకాలు, మణికట్టు వాచి, లుంగీ ముడేసుకోనీకె గూడ చేతగాలే. కోడలు సంయుక్త మాదాపూర్ల సాఫ్ట్‌వేర్ గద, "మామయ్యా, తప్పంతా మీ కుర్చీది" అని ఆఫీసు కుర్చీ తెప్పించింది. పాత కుర్చీల మూలిగేటోడు కొత్త కుర్చీల మూలిగిండు, గంతే.

దవాఖానకు నా కార్లనే పోయినం, ఆయన, భార్య రాజరాజేశ్వరమ్మ, నేను. "పిల్లిగానీ గీరిందా?" అని అడిగింది డాక్టరమ్మ. ఈయన నవ్విండు. "పిల్లా? మా గేటు దాటనివ్వనండి!" మరి చేతిమీద గీతలేందంటే గులాబీ ముల్లట. మా తాన గులాబీ చెట్టేది? పరీక్షల మీద పరీక్షలు. ఆఖరుకు ఆమె, "గడ్డ కోసి క్యాన్సరేమో చూడాలి" అన్నది. మనిషి పాలిపోయిండు. "రాజ్యం, కాస్త బయట కూర్చో" అన్నడు. ఆమె కదలలే. "పిల్లిపిల్ల సంగతేగా? చెప్పండి. రోజూ మీరు జనరేటరు వెనక్కి మోసుకెళ్లేది నేను కాచిన పాలే కదా!"

పిల్లి గీరితే దాని గోళ్లల్ల ఉండే క్రిమి ఎవరికో ఒకరికి గిట్ల కీళ్లదాక పోతదట. ఆ ఒక్కరు మా సెక్రటరీయే కావాల్నా! మందులతోని జ్వరం దిగింది, గడ్డ కరిగింది, మోకాలే నెలలకొద్ది సతాయించింది. కుంటుకుంటనే మీటింగుకు వచ్చి, "పాలు పోసింది నేనేనండి, రాజీనామా చేస్తున్నాను" అన్నడు. అప్పుడు సీతారామయ్య, ఇంట్ల ఉల్లిగడ్డ గూడ ముట్టడాయన, గొంతు సవరించుకొని, "పాలు మీరా? చేపముక్కలు నేనండి" అన్నడు. వెనకనుంచి కృపమ్మ టీచరు, "పెరుగన్నం..." అని చెయ్యెత్తింది. ఇగ రాజీనామా ఎవరు తీసుకుంటరు? ఏందీ? నేనా? నేనేం పెట్టేటోన్నంటే... జర ఆ ఫ్యాను ఎక్కువ చెయ్యి. చాయ్ తాగుతవా?