ఐదో నంబరు క్యాన్

తాడేపల్లిగూడెం శివార్లలో ఒక తోటల పరిశోధన కేంద్రం. మొక్కల మొవ్వుల్ని నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచే గది. ఐదు క్యాన్లు. ఉదయం పదిన్నర. రోజుకూలీ మీద పనిచేసే హిమబిందు, ల్యాబులో ఇరవయ్యారేళ్లుగా ఉన్న కామేశ్వరి.

“కొలకర్ర ఇంకోసారి దింపు.”

“మూడుసార్లు దింపానండీ కామేశ్వరిగారూ. చూడండి, పొడి కర్ర పొడిగానే వస్తోంది.”

“మంచు గీత లేదూ? నైట్రోజన్ ఉన్నంత మేరా పడాలే!”

“గీతా లేదు, మంచూ లేదు. పట్టుకు చూడండి, చల్లగా కూడా లేదు.”

“ఇలా ఇయ్యి… ఊఁ. ఇది ఎన్నో నంబరు?”

“ఐదండీ.”

“ఐదా?”

“ఐదేనండీ. మా మావయ్యగారి అరటి ఉన్నది.”

“ముందు ఆ తలుపు వెయ్యి.”

“వెయ్యకూడదని బోర్డుంది కదండీ. నైట్రోజన్ ఆవిరి నిండితే ఊపిరాడదని మీరే…”

“రెండు నిమిషాలకి ఏం కాదు. గడియొద్దు, దగ్గరగా వెయ్యి చాలు.”

“వేశానండీ.”

“నిన్న రిజిస్టర్లో ఎంత రాశావ్?”

“పద్దెనిమిది సెంటీమీటర్లు.”

“చూసే రాశావా?”

“అయ్యో, చూడకుండా రాస్తానా అండీ! మా పాప మీద ఒట్టు.”

“పిల్లని మధ్యలోకి తేకు. మొన్న?”

“మొన్నా పద్దెనిమిదే.”

“నిన్న పద్దెనిమిదున్నది ఇవాళ పొద్దుటికి సున్నా ఎలా అవుతుందమ్మా? కర్ర ఎంతసేపు ఉంచావ్?”

“ఉంచానండీ.”

“ఎంతసేపని అడుగుతున్నా.”

“బాగానే ఉంచానండీ. తొందరపడలేదు.”

“బిందూ.”

“రెండు… మూడు నిమిషాలు.”

“పదిహేను సెకన్లని చెప్పలేదూ నీకు?”

“చెప్పారండీ. అంత కొంచెంసేపట్లో సరిగ్గా తెలుస్తుందో తెలీదోనని… మా పాపకి జ్వరం చూసినా నేనంతేనండీ. థర్మామీటరు కూత పెట్టాక కూడా ఇంకాసేపు ఉంచుతాను. ఎక్కువసేపు ఉంచితే నిజం చెబుతుంది కదా అని.”

“ఇది జ్వరం కాదే తల్లీ! అడుగున గుక్కెడు నైట్రోజనున్నా చాలు, అంతసేపు ఉంచితే ఆవిరికే కర్ర పైదాకా చల్లబడిపోతుంది. బయటికి తీస్తే పైదాకా మంచు పడుతుంది. నువ్వు కొలిచింది ఆవిర్ని.”

“అంటే ఇన్నాళ్లూ…”

“ఎన్నాళ్లో నాకేం తెలుసు? క్యాన్‌కి చెమట పట్టిందా ఎప్పుడైనా? మెడ దగ్గర?”

“పట్టిందండీ. శ్రావణమాసం నుంచీ. రోజూ తుడుస్తున్నాను.”

“తుడుస్తున్నావా!”

“గుడ్డ వేరేగా పెట్టుకున్నానండీ, శుభ్రమైందే.”

“ఓరి భగవంతుడా. చెమట పట్టిందంటే లోపలి చలి బయటికి పోతోందని. క్యాన్ పాడైందని. పరిగెత్తుకొచ్చి నాకు చెప్పాలిగానీ, తుడుస్తారటే?”

“నాకెవరు చెప్పారండీ? తొమ్మిదో తరగతితోనే బడి మానిపించేశారు నన్ను. మీరు గుడ్డ చేతికిచ్చి అన్నీ మెరిసిపోవాలన్నారు. మెరిపించాను.”

“సరే, సరే. ఏడవకు.”

“ఏడవట్లేదండీ. అవి… చచ్చిపోయాయా?”

“ఉండు, కాస్త ఆలోచించుకోనీ.”

“గురువారం మన సైంటిస్టు రాజరాజేశ్వరి మేడమ్‌గారు ఏలూరు నుంచి వస్తున్నారు కదండీ. ఇరవై గొట్టాలు తీసి, గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, మొలిపించి మా మావయ్యగారికి ఇస్తామన్నారు. ఆయన అప్పుడే గోతులు కూడా తవ్వించేశారు, కొల్లేటి గట్టు మీద.”

“ఎవరు తవ్వమన్నారు అప్పుడే?”

“ఎవరు చెబితే వింటారండీ ఆయన? ఆ వెన్నగెల అరటి ఇంకెక్కడా లేదు, మీకూ తెలుసు. నెల్రోజులు నీళ్లలో నిలబడ్డా చావని చెట్టు ఎండు తెగులుకి పోయింది. పిలకన్నది మిగల్లేదు. అంతకు ముందు నేను కాళ్లావేళ్లా పడి నాలుగు పిలకలు అడిగి తెచ్చి మీకిచ్చాను కాబట్టి సరిపోయింది.”

“తెలుసమ్మా. వాటి మొవ్వుల్ని గోరంత ముక్కలు కోసి గొట్టాల్లో పెట్టింది నేనే కదా.”

“‘మా కోడలు దాయించింది, మళ్లీ గెల చూస్తాను’ అని మావయ్యగారు కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారట. దాయించిందీ నేనే, ఎండబెట్టిందీ నేనే.”

“మెల్లగా మాట్లాడు.”

“సగం గొట్టాలు వేరే ఊళ్లో దాస్తామన్నారు కదండీ మేడమ్‌గారు? ఇక్కడ ఏదైనా అయినా అక్కడుంటాయని.”

“అన్నారు.”

“పంపారు కదా?”

“పెట్టె సర్దాం. చీటీ కూడా అంటించాం.”

“పంపారా అండీ?”

“బండి వచ్చేదాకా చలిలో ఉంచాలి కదా.”

“ఎక్కడ ఉంచారు?”

“ఐదులోనే. అడుగు అరలో.”

“అమ్మో.”

“అరవకన్నానా! పక్క గదిలో పెద్ద ట్యాంకులో నైట్రోజన్ ఎంతుంది?”

“నలభై లీటర్లుండొచ్చండీ.”

“చాలు. గ్లౌజులు వేసుకో, చిన్న క్యాన్‌తో పట్రా. ఐదు నింపేద్దాం.”

“పాడైందన్నారు కదండీ? మళ్లీ ఎండిపోదూ?”

“గురువారం దాకా నిలిస్తే చాలు. పొద్దునా సాయంత్రం పోద్దాం.”

“పోస్తే బతుకుతాయా?”

“పోస్తే తెలీదు.”

“బతికేదీ లేనిదీ చెప్పలేమనా అండీ?”

“కాదు. ఎవరికీ తెలీదంటున్నాను. బతికిన మొవ్వూ చచ్చిన మొవ్వూ గొట్టంలో ఒక్కలాగే ఉంటాయి. గడ్డకట్టి, గట్టిగా.”

“కరిగిస్తే తెలిసిపోతుంది కదండీ!”

“మొలకెత్తవు. అంతే కదా? మొలకెత్తకపోతే గడ్డకట్టించే ముందు పట్టించిన మందు ఎక్కువైందంటారు, మొవ్వు లావుగా కోశారంటారు. క్యాన్ ఎండిందని ఎవరికి తోస్తుంది? రిజిస్టర్లో పద్దెనిమిది ఉందిగా.”

“అది తప్పు పద్దెనిమిదండీ.”

“నీకు తెలిసిన తప్పు. కాగితానికి తెలీదు.”

“నేను మేడమ్‌గారికి ఫోన్ చేస్తాను.”

“ఫోన్ కింద పెట్టు.”

“ఇప్పుడు చెబితే ఏదైనా చేస్తారేమో. నూట ఇరవై గొట్టాల్లో ఒక్కటైనా…”

“ఒక్కటీ లేదు. కర్ర వెచ్చగా వచ్చింది, చూశావుగా. బిందూ, నా మాట విను. నీ పాపకి మూడేళ్లు. మీ ఆయనకి చేపల చెరువు దగ్గర పని ఒక నెలుంటే ఒక నెలుండదు. ఇది కూడా పోతే ఏం చేస్తావ్?”

“పోనీండి. నేను మావయ్యగారి ముఖం చూడాలి కదండీ. ఆ గోతుల్లో ఏం పెడతారాయన?”

“కర్పూరం పెట్టుకుంటారు. చక్రకేళి పెట్టుకుంటారు. గొయ్యికి ఏ అరటైనా ఒకటే.”

“అలా ఎలా అనగలుగుతున్నారండీ మీరు?”

“అలవాటైపోతుందిలే.”

“ఏం అలవాటవుతుంది?”

“ఏం లేదు, ఏదో అన్నాను. గ్లౌజులెక్కడ పెట్టావ్?”

“మీ చేతిలోనే ఉన్నాయండీ.”

“ఆఁ. పద మరి.”

“మందు ఎక్కువైందంటారని మీకు ముందే ఎలా తెలుసు?”

“ఇరవయ్యారేళ్ల సర్వీసమ్మా.”

“ఎవరన్నారు? దేన్ని చూసి అన్నారు?”

“పెంటపాడు వాళ్ల కంద. ఈ గదిలోంచి బయటికి తీయమని అడిగింది అదొక్కటే. మొలవలేదు.”

“ఏ క్యాన్‌లోదండీ అది?”

“బిందూ, టైమవుతోంది.”

“ఏ క్యాన్?”

“రెండు.”

“రెండు కూడా ఎండిపోయిందా?”

“ఆ ఏడు వరదకి రోడ్డు తెగింది. నైట్రోజన్ బండి ఇరవై రెండు రోజులు రాలేదు. అందరికీ ఫోన్లు చేశాను. ఇదిగో అదిగో అన్నారు. రోజూ కర్ర దింపడం, గీత కిందికి దిగడం చూడటం… ఏం చెయ్యమంటావ్ నన్ను? నోటితో ఊదనా? బండి వచ్చిన రోజున నింపాను. ఎవరూ అడగలేదు. ఇప్పుడెంతుందని అడిగారుగానీ, మధ్యలో ఎంతకి దిగిందని ఎవరూ అడగలేదు.”

“ఒక్క రెండో నంబరేనా అండీ?”

“నన్ను వదిలెయ్యవే.”

“బండి రాకపోతే ఒక్క రెండే ఎందుకెండుతుంది? మిగతావి? ఒకటీ, మూడూ, నాలుగూ? రోజూ నేను కొలుస్తున్నవి?”

“చిన్న క్యాన్ ఎక్కడ పెట్టావ్?”

“కామేశ్వరిగారూ!”

“ఐదో నంబరు అప్పటికింకా రాలేదమ్మా. కొత్త క్యాన్ కదా, ఎండదని మేడమ్‌తో గొడవపడి మరీ మీ మావయ్యగారి అరటిని అందులో పెట్టించాను. ఈ గది మొత్తానికి ప్రాణమున్నవి అందులోనే ఉండేవి.”