కిరాయికిచ్చే ముందు అడిగేటివి

శంషాబాద్‌లో ఒక గల్లీ. కిరాయి బోర్డు వేలాడుతున్న ఇంటి ముందర ఇంటాయన బద్రుద్దీన్ కుర్చీల కూసున్నడు, భార్య మాజిదా లోపల ఉన్నది. పై పోర్షన్ అడగొచ్చిన బ్రహ్మానందం ఇంకా నిలబడే ఉన్నడు.

“ఉల్లిగడ్డ తింటరా?”

“ఏమండీ?”

“ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. తింటరా లేదా?”

“తింటామండీ. అదేం ప్రశ్నండీ బద్రుద్దీన్ గారూ? ఇల్లు చూపిస్తారా అని కదా నేనడిగింది.”

“ఇల్లు ఏడికి పోదు సార్. ముందుగాల మనిషిని చూడాలె. మీరే నేర్పిండ్రు మాకు.”

“మేమా?”

“మీరు గాకుంటె మీ అసుంటోళ్లు. కోడలికి బడంగ్‌పేట్‌ల స్కూల్ నౌకరి వచ్చిందని మా రిజ్వాన్ గాడు అక్కడ ఇల్లు ఎతికిండు. పదకొండు ఇండ్లు. పదకొండు! ఎయిర్‌పోర్టుల సూపర్‌వైజర్ వాడు, ఆవారాగాడు గాదు. పేరు చెప్పంగనే మొదలువెట్టిరి. ఏం తింటరు, ఇంట్లనే కోస్తరా, పండుగకు ఎంతమంది దిగుతరు, పక్కన దేవునర్ర ఉన్నది, పూజలైతయి, మరి ఎట్ల... అన్నీ చెప్పిచ్చుకొని ఆఖరుకు ‘అయ్యో, నిన్ననే ఇచ్చేసినం బాబూ’ అనుడు. బోర్డు ఆడనే ఊగుతుంటది!”

“అది తప్పేనండీ.”

“తప్పని అందరంటరు. ఇల్లే ఎవ్వడియ్యడు. ఇగ చెప్పున్రి. పూజలు జేస్తరా?”

“చేసేవాళ్లం.”

“ఘంట కొడుతరా?”

“కొట్టేవాళ్లమండీ.”

“పొద్దుగాల ఎన్ని గంటలకు?”

“ఇప్పుడు కొట్టట్లేదు.”

“ఎందుకు?”

“ఎందుకంటే... మానేశాను.”

“మానేసుడేంది? దేవుడంటే బీడీనా, మానేసెటందుకు?”

“నమ్మకం పోయిందండీ. అంతే.”

“అరే వాహ్! మాజిదా, ఇంటున్నవా? ఈయనకు దేవుడే లేడట! చాయ్ గిట్ల పెట్టకు, పోతడు ఈయన.”

“పెట్టేసిన. చక్కెర ఎంతెయ్యాల్నో అడుగు.”

“ఎయ్యనే ఎయ్యకు! సూడున్రి సార్. ఒక్కన్ని మొక్కెటోడు ఒక తీరు, పది మందిని మొక్కెటోడు ఇంకో తీరు. ఎవ్వన్నీ మొక్కనోడు తప్పు జెయ్యాలంటే ఎవలికి భయపడుతడు?”

“మా ఆవిడకండీ.”

“నోరున్నది మీకు. ఇప్పుడున్న ఇల్లు ఎందుకు ఖాళీ జేస్తున్నరు?”

“దూరమండీ.”

“దేనికి దూరం? వచ్చుడుతోనే రిటైరైన అంటివి. నీకేంది దూరం?”

“ఓనరే చేయమన్నాడు. ఆదివారానికల్లా సామాన్లు తీసెయ్యాలి.”

“ఎందుకు?”

“వదిలెయ్యండి.”

“నేనెందుకిడుస్త? మా పోరన్ని ఎవ్వడిడిసిండు? చెప్పు.”

“ఆ ఓనరు మావాడేనండీ. మా తణుకు వైపే. మా కులమే. మా ఆవిడ శాంతకుమారి వాళ్లకి... నచ్చలేదు.”

“కొట్లాడిందా?”

“ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మూడేళ్లయింది.”

“మరేంది?”

“చెప్తే ఇల్లిస్తారా?”

“చెప్తె గదా, ఇస్తనో ఇయ్యనో తెలిసేది!”

“మాకొక్కడే కొడుకు. భార్గవ్. గగన్‌పహాడ్ దగ్గర, హైవే మీద, లారీ... అప్పట్నుంచి ఆమెకి నిద్ర లేదు. ఆసుపత్రులు తిప్పాను. శాంతులు చేయించాను. మా బావగారు ఇంటికొచ్చి, భోజనం చేసి, పూర్వజన్మ కర్మ అని చెప్పి వెళ్లాడు. ఆ రోజే దీపం ఆర్పేశాను నేను.”

“కూసోన్రి.”

“పర్లేదండీ.”

“కూసోమన్న గదా! గా కుర్చీ గుంజుకోన్రి. ఆఁ, ఇగ ఆమె సంగతి?”

“ఏ మందూ పని చెయ్యట్లేదని ఒక గురువారం పహాడీ షరీఫ్ దర్గాకి తీసుకెళ్లాను. ఆవిడ కొండ పైన నిద్రపోయిందని దిగొచ్చినవాళ్లు చెప్పారు. రెండు గంటలు, పసిపిల్లలాగా. ఇక అప్పట్నుంచి ప్రతి గురువారం. కొంగు కప్పుకుని వెళ్తుంది, ఊదు వాసనతో తిరిగొస్తుంది. ఆ వాసన మా ఓనరుకి పడలేదు. మతం మారారా అన్నాడు. కాదంటే వినడు. తర్వాత నాలుగిళ్లు చూశాను. నలుగురికీ దాచకుండా చెప్పాను. నలుగురూ...”

“నిన్ననే ఇచ్చేసినమన్నరు.”

“అదే మాటండీ. అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరైతే సంతోషిస్తారనుకున్నా. ఆవిడ వెళ్లేది మీ దేవుడి దగ్గరికే కదా.”

“ఏ దేవుడు?”

“అదేనండీ, దర్గాలో...”

“తోబా తోబా! దర్గాల ఉన్నది దేవుడా? సమాధి సార్ అది, సమాధి! పెద్ద మనిషే, కాదంటలేను, గని సచ్చిపోయిన మనిషి. మేము సమాధులకు మొక్కం. చాదర్లు కప్పుడు, దారాలు కట్టుడు, ఊదు పట్టిచ్చుకొనుడు, అన్నీ హరామ్ ఈ ఇంట్ల. తాయెత్తు కట్టుకున్నదని సొంత అక్కతోని మాట బందు వెట్టిన నేను!”

“నాకు తెలీదండీ. మీరంతా ఒకటే అనుకున్నాను.”

“గదే గదా మీ తెలివి! టోపీ కనవడితే అందరొక్కటే. అది పిచ్చోళ్లు పోయే జాగ సార్. ఊగెటోళ్లు, ఏడ్చెటోళ్లు, పనిపాట లేనోళ్లు...”

“మా ఆవిడ పిచ్చిది కాదు.”

“నేనన్ననా?”

“అన్నారు. మా ఓనరూ ఇదే మాటన్నాడు. మీకూ వాడికీ తేడా ఆ టోపీ ఒక్కటే.”

“లెవ్వు! నా కుర్చీలకెళ్లి లెవ్వు ముందు!”

“లేచానండీ. ఆ కొండ మీద నాకూ నమ్మకం లేదు. ఇంతవరకూ పైకెక్కలేదు నేను, కింద టీ కొట్టు దగ్గరే కూర్చుంటాను. కానీ ఆవిడ మెట్లు దిగొచ్చేటప్పుడు మొహం చూస్తాను చూడండి... మీకెందుకులెండి. వస్తాను.”

“పోన్రి, పోన్రి. ఇల్లు నిన్ననే ఇచ్చేసిన.”

“ఆగున్రి అన్నా. చాయ్ తాగిపోన్రి.”

“మాజిదా! నువ్వెందుకొచ్చినవ్ బయటికి?”

“ఇల్లు నిన్న ఎవలికిచ్చినవ్?”

“నీకేం పని? లోపటికి నడువ్.”

“ఎవలికిచ్చినవ్ రిజ్వాన్ అబ్బా?”

“నడువ్ అంటున్న!”

“పోత. అన్నకు ఒక్క మాట చెప్పి పోత. అన్నా, మీరు పైకెక్కరు గాబట్టి మీకెరుక లేదు. శాంతక్క ఆడ నిద్రవోయేది నా ఒడిల తలవెట్టి. రెండేండ్లాయె, ఒక్క గురువారం గూడ తప్పలే నేను.”