రైలును ఆపిన టేపు

కూర్చో గిరీ, ఆ కంప్యూటరు మంచం మీద పెట్టు. మొదలుపెట్టే ముందర ఒగ మాట. కాట్పాడి నుంచి వచ్చే రైలును ఈ జయరావు ఒంటి చేత్తో పాకాల అవుటర్ సిగ్నలు కాడ నిలబెట్టినాడు. అబద్ధమనుకుంటే ఇప్పుడే లేచి తిరుపతి బస్సెక్కు. నవ్వతాండావే? నవ్వు నవ్వు. మీ అవ్వ, అదే మా చెల్లెలు, ఇట్లనే నవ్వేది.

ఈ పెట్టె సూస్తివా, డ్యాట్ డెక్కు, డిజిటల్ టేపు మీద సౌండు పట్టేది. టేపు సూడు, క్యాసెట్టులో సగం గూడా లేదు, అగ్గిపెట్టెకు అన్న మాదిరి ఉండాది. ఆ కాలంలో చిత్తూరు జిల్లా మొత్తానికి నా ఒక్కడి దగ్గరే ఉండేది. మద్రాసు స్టూడియోలోళ్ళు మన వాకిట్లో చెప్పులిడిచి వచ్చేవాళ్ళు, "జయరావు సార్, ఈ సౌండు ఎట్ల పట్టినారు సార్" అని. ఎట్లంటే, క్యాసెట్టోళ్ళకు ఒగ రోగం ఉండాదప్పా. మీటరులో ముల్లు ఎర్రగీత తాకేదాకా సౌండు పెంచుతారు. క్యాసెట్టు ఓర్చుకుంటాది, ఇది ఓర్చుకోదు. మీటరు సున్నా దాటిందా, పెనంలో ఆవాలేసినట్టు గొంతు చిటపటమని పగిలిపోతాది. కొత్త టేపును ఒగసారి కొసదాకా ఉరికించి, ఎనక్కి చుట్టి, అప్పుడు పట్టాల. పాట అయిందని టక్కున ఆపగూడదు. గదిలో నిశ్శబ్దాన్ని గూడా కొంచేపు పట్టాల. పాటకు తోక తెగగూడదు.

యాడున్నా? ఆ, ఎస్తేరు. మా ఇంటామె. నువ్వు పుట్టకముందే పొయ్యింది. చర్చిలో గొంతెత్తితే రేకులు మోగేవి, బంగారుపాళ్యంలో మామిడికాయలు మాగేవి. ఆ గొంతులో గడ్డ లేసింది. కోయాల, కోసినంక మాట ఉంటాదో లేదో చెప్పలేమనినాడు డాక్టరు. ఆస్పత్రికి పొయ్యే ముందు రోజు మధ్యాన్నం, ఇదే గదిలో, కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి కూర్చోబెట్టినా. "ఏమయ్యా, పాట పట్టతావా, నన్ను పనసకాయ మాదిరి మాగబెడతావా?" అంటాది. "గొంతు పైకి పొయ్యేటప్పుడు మైకు కాడ్నించి మొగం పక్కకు తిప్పు, అంతే" అంటి.

చరణాలన్నీ ముత్యాల మాదిరి వచ్చినాయి. కడాకు ఒగటి మిగిలింది. అది ఎత్తుకుందో లేదో, దూరంగా రైలు. పట్టాలు మన పెరటిగోడ ఎనకే గదా. ఆపితే మళ్ళా పాడేదానికి ఆమెకు ఓపిక లేదు. డెక్కును తిరగనిచ్చి, ఎర్రతువ్వాలు పట్టుకోని గోడ దూకినా. పట్టాల నడుమ రొమ్మిరిచి నిలబడి "ఆగు" అంటి. నోటితో గాదు, నోటితో అంటే టేపులో పడతాది గదా. కండ్లతో అంటి. ఆ రైలు, ఏనుగు మోకాళ్ళేసినట్టు, కూత గూడా ఎయ్యకుండా ఆగిపొయ్యింది.

లోపలికొస్తే ఎస్తేరు చరణం ముగించి కూర్చోనుండాది. తోక పట్టాల గదా, మాట్లాడొద్దని నోటి మీద ఏలు పెట్టి సైగ చేసినా. ఆమె ఇంటేనా? "సిగ్నలు లేక ఆగిన రైలును నేనాపినా అని ఇంగ ఊరంతా చెప్పుకుంటావు. రా, సంగటి సల్లారిపోతాది" అనేసింది. టేపులో పడిపొయ్యింది. బంగారట్లా పాటకు మసి పూసిందే అని ఆ పొద్దంతా గొణుక్కుంటి. మర్నాడు కోసినారు. మాట రాలేదు. కొన్నాళ్ళకు ఆమే లేదు.

నిజం చెప్తా, ఆ పాటలో పదాలు గూడా మర్చిపోయినా. తోకలో ఆమె మాట కోసరమే ఇంటా ఉంటి. ఇప్పుడు సంగటి నేనే కెలుక్కుంటా, గిన్నె దించి నేనే "రా, సల్లారిపోతాది" అనుకుంటా. ఆమె అన్నట్టు రాదు.

పోయిన నెల ఈస్టరు పాటల టేపును నమిలేసింది ఈ ముండ పెట్టె. లోపల తిరగతా టేపును చదివే తల అరిగిపొయ్యింది, బాగుచేసేవాడు చెన్నైలో గూడా లేడు. అప్పట్నుంచి ఎస్తేరు టేపును ముట్టలేదు. తిరిగితే ఒగసారి తిరుగుతాదేమో, అదీ నమ్మకం లేదు. కంప్యూటరులోకి ఎక్కిస్తావనే నిన్ను పిలిచింది. వైరు పెట్టినావా? సౌండు మట్టం దించు, ఇంగా దించు, సున్నా దాటనియ్యొద్దు. పాట అయిపోయినా ఆపొద్దు, ఇన్నావా, ఆపొద్దు. ఇదో, ఒత్తతాండా. తిరగతాండాది... తిరగతాండాది నాయనా. రైలు సంగతి నువ్వెట్లా నమ్మవు గదా? సాక్షి ఉండాది. పాట అయినంక ఇను. ఎస్తేరు.