తొమ్మిదో అంకె

ఆ కంప్యూటర్ కొనాలా వద్దా అన్న కమిటీలో ఎవరు ఎటు మొగ్గారన్నది నేను చర్చించను, కరుణమ్మగారూ. అప్పటి వైస్‌ఛాన్సలర్ నన్ను గదిలోకి పిలిచి అన్నదీ చెప్పను. మీ సుకన్య పరిశోధన నా వల్లే ఆగిపోయిందని మీరు నేరుగా అన్నారు కనుక, ఆ యంత్రం గురించి మాత్రం చెబుతాను. మీరు కూర్చోండి. నేను నిలబడే ఉంటాను. ఇవాళ కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

తొంభైలో, మే నెలలో వచ్చింది ఆ మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్. బొంబాయిలో ఒక కంపెనీ ఏళ్ల తరబడి వాడి, మన క్యాంపస్‌కు చవకగా ఇస్తామంది. బీరువాలంత పెట్టెలు, గది నిండా. శాస్త్ర విభాగాలకు పనికొస్తుందో లేదో పరీక్షించి చెప్పమని నాకు అప్పగించారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న మీ అమ్మాయి ఎదురుచూసింది దాని కోసమే. స్ఫటికంలో పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చే ఆమె లెక్క మా చిన్న యంత్రాలకు లొంగలేదు.

జీతాల లెక్క ఇస్తే చిటికెలో చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సుకన్య లెక్కనే ఉదయం ఇచ్చాను, మధ్యాహ్నం ఇచ్చాను, సాయంత్రం ఇచ్చాను. మధ్యాహ్నం వచ్చిన జవాబులో చివరి అంకెలు వేరు. గది వేడెక్కితే మారుతున్నాయి.

కంపెనీ తరఫున వచ్చిన బుచ్చిబాబు, "ఇంకో ఏసీ పెట్టిస్తే అదీ చల్లబడుతుంది, మీరూ చల్లబడతారు సార్" అన్నాడు. పెట్టించాం. అయినా మారాయి.

కమిటీలో ఉన్న సుబ్బరాయుడి మాట ఒకటి వరండాలో అందరూ విన్నదే కాబట్టి చెప్పవచ్చు. "మాస్టారూ, తొమ్మిదో అంకె దాకా చూసేది మీరొక్కరే. దేవుడు కూడా ఆరో అంకె దగ్గర ఆగిపోయుంటాడు."

మీరు బడిలో లెక్కల పేపర్లు దిద్దుతారు కదా? ఒకే లెక్కకు పొద్దున ఒక జవాబు, మధ్యాహ్నం ఒక జవాబు రాసే పిల్లవాడికి మార్కులు వేస్తారా? వేయరు. నేనూ వేయలేదు. పనికిరాదని రాసి సంతకం చేశాను. ఇప్పుడది ఏదో ఊళ్లో నిక్షేపంగా బిల్లులు వేస్తోందట. వేయనివ్వండి.

సుకన్య ఫెలోషిప్ గడువు తీరింది. బెంగుళూరు వెళ్లి లెక్క చేయించుకు రమ్మన్నాను. అప్పుడు మీ ఆయన ఆస్పత్రిలో ఉన్నారని నాకెవరూ చెప్పలేదు.

చెప్పిందా? తనే చెప్పిందా?

అయి ఉండవచ్చు. నేను విని ఉండను.

ఇప్పుడు అడిక్‌మెట్‌లో ట్యుటోరియల్ పిల్లలకు పాఠాలు చెబుతోందని తెలిసింది. మళ్లీ రిజిస్టర్ చేసుకోవడానికి ఈ నెలాఖరే గడువు. డీన్‌కు నేనొక మాట చెప్పాలి, అంతేగా మీరు అడిగేది? చెబుతాను. ఈ తార్నాక నుంచి క్యాంపస్ ఎంత దూరమని? రేపు ఉదయమే వెళ్తాను.

ఏమిటి? తను రానంటోందా? నా సిఫారసుతో అయితే అసలే వద్దంటోందా?

మీరు మెట్టుగూడ నుంచి ఈ ఎండలో వచ్చింది తనకు తెలియకుండానా?

ఎందుకు వద్దంటోందో మీకు చెప్పలేదన్నమాట.

నిరుడు నాకొక ఉత్తరం రాసింది. ఒకటే ప్రశ్న. "సార్, ఆ యంత్రం మన దగ్గరే ఉండి ఉంటే నా లెక్క తప్పయ్యేదా?"

అయ్యేది కాదమ్మా. ఆమెకు కావలసింది మొదటి నాలుగు అంకెలే. ఆ నాలుగూ మూడు పూటలా ఒక్కలాగే వచ్చాయి. సంతకం పెట్టే ముందే చూశాను.

ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు.